మోటారుసైకిలుపై ఆరు మజిలీలు

1830వ సంవత్సరం మే నెల 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరినారు. ఆయన సుప్రీం కోర్టులో దుబాసీ. దాదాపు నూరుగురు పరివారం, బోయీలు, డేరాలు ఆయన వెంట ఉన్నవి. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా ఉత్తరాదికి సాగిన ఆ ప్రయాణం ముగియటానికి పదిహేను నెలలకు పైగా పట్టినది. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ చదివినవారికి ఒక సంగతి గోచరిస్తుంది. ఆయన దేవాలయాలను వర్ణించిన శ్రద్ధతోనే ఊరిలో మంచినీళ్ళున్నవా, దిగటానికి వసతి ఉన్నదా, అంగళ్ళలో సరుకులు దొరుకుతవా, ముందున్న దారి ఇసుకా, రాయా, అడవియా అన్నవి కూడా వ్రాసుకొన్నారు. ఆ రోజులలో ఈ సంగతులు తెలియక బయలుదేరినవాడు తిరిగి ఇల్లు చేరుతాడన్న నమ్మకం లేదు.

నేడు దారులు మారినవి, వాహనాలు మారినవి. మద్రాసు ప్రక్కన తిరువొత్తియూరులో 1955 ప్రాంతాల బుల్లెట్ మోటారుసైకిలు తయారీ మొదలైననాడు అది పోలీసువారికీ, సైనికులకూ, కలిగినవారికీ చెందిన వాహనం. నేడు మన సత్యవేడు సమీపాన మదనపాలెంలోనే ద్విచక్ర వాహనాలు తయారై వస్తున్నవి. తిరుచానూరులో మోటారుసైకిలు లేని వీధి లేదు. దానితోపాటు ఒక కొత్త కోరిక పుట్టినది. వెనుక ఒక గుడారం కట్టుకొని నాలుగు రోజులు కొండలు, లోయలు, ఎండుభూములు చూచి రావలెనని యువకులూ, ఇప్పుడు యువతులూ కోరుతున్నారు. శుక్రవారం రాత్రి సంకల్పం చెప్పుకొని శనివారం తెల్లవారుజామున గండికోటకు బయలుదేరటం వాడుకైనది.

ఇంటిలోని పెద్దలు దీనికి భయపడుతున్నారు. ఆ భయంలో అన్యాయమేమీ లేదు. 2022 మార్చి నెలలో పెండ్లి నిశ్చయానికని ధర్మవరం నుంచి తిరుపతికి వస్తున్నవారి బస్సు భాకరాపేట ఘాట్‌లో రాత్రివేళ లోయలో పడి పలువురు మరణించినారు. అది అనుభవమున్న డ్రైవర్లు నిత్యం నడిచే దారి. ఇక రెండు చక్రాలపై, వెనుక బరువుతో, చీకటిలో పోయేవారి సంగతి చెప్పనవసరం లేదు. అయితే పిల్లలు కోరటంలో కూడా అన్యాయం లేదు. తాము పుట్టిన సీమను తమ కండ్లతో చూడవలెననుకొనటం మంచి కోరికే. కావలసినది ఒక సాయంకాలం పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుండి, ఒక కాగితంమీద యాత్రను నిర్ణయించుకొనటం. ఆ కాగితంమీద ఏమేమి ఉండవలెనో విన్నవించటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట మనం పోయే నేల స్వభావం తెలియవలెను. రాయలసీమకు నైరుతి ఋతుపవనం పడమటి కనుమలమీద వాన కురిపించి, తేలికపడి వస్తుంది. ఈశాన్య ఋతుపవనం తూర్పుకొండలు దాటి లోపలికి పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. ఈ రెండు చాటుల మధ్య చిక్కినది అనంతపురం సీమ. అక్కడి సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. దేశంలో రాజస్థానంలోని జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెప్పుకొనటం పరిపాటి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో వేదవతి నది ఒడ్డున, జనం హగరి అని పిలిచే ఆ ఏటి గట్టున, నిజంగానే ఇసుకదిబ్బలు ఉన్నవి. ఎండిన ఏటి ఇసుకను గాలి ఎత్తుకొనిపోయి పొలాలపై పోస్తుంది. ఆ దిబ్బలు చూడటానికి అందంగా ఉంటవి. కాని ప్రతి దిబ్బ క్రింద ఒకప్పుడు ఎవరో రైతు దున్నిన మడి ఉన్నది. ఫోటోలకని పోయేవారు ఆ సంగతి మరువకుండా ఉండటం మర్యాద.

రాళ్ళ విషయం మరింత విచిత్రమైనది. తిరుపతి కొండలలో కనిపించేవి ఎర్రని పలకలుగా పరచుకొన్న గట్టిరాళ్ళు. తిరుమల ఘాట్‌రోడ్డు ప్రక్కన, ఆ పలకలు క్రిందనున్న పురాతనమైన నల్లసేనపురాతిపై కూర్చున్న చోటును భూగర్భశాస్త్రజ్ఞులు జాతీయ ప్రాముఖ్యం గలదిగా గుర్తించినారు. ఆ రెండు రాళ్ళకూ నడుమ కోట్లకొలది సంవత్సరాల కాలం లుప్తమైనది. అక్కడినుంచి పడమటికి, మదనపల్లె, కదిరి వైపు పోతే గుండ్రని బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుట్టలు వస్తవి. తాడిపత్రి దాటగానే సున్నపురాయి, గండికోట చేరగానే మరల ఎర్రబండ. ఒక్క వారం దినాల ప్రయాణంలో ఇన్ని రకాల నేల చూడగలిగిన సీమలు దేశంలో ఎన్నో లేవు.

రెండవ ప్రశ్న కాలం. మార్చి నుంచి జూన్ వరకు ఈ యాత్ర తలపెట్టరాదు. కడప, అనంతపురం ప్రాంతాలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బండిపై పోయేవానికి గాలి తగులుతుంది గనుక చెమట పట్టినట్లే తెలియదు; ఒంటిలోని నీరు మాత్రం పోతూనే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలలో వేరొక ప్రమాదమున్నది. 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే నీటిపాలైనవి. ఏడాదిలో పది నెలలు ఇసుకతో పడి ఉండే ఏరు ఒక్క రాత్రిలో ఎట్లా మారుతుందో ఆనాడు చూచినాము. కాబట్టి ఎండిన ఏటిలో మెత్తని ఇసుక ఉన్నదని అక్కడ గుడారం వేయటం ఏ కాలంలోనూ మంచిది కాదు. పైన ఎక్కడో కురిసిన వాన మనకు చెప్పి రాదు.

తిరుచానూరువారికి కాలనిర్ణయం సులభం. అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాలు జరుగుతున్నంతకాలం ఇంటికి బంధువులు వస్తారు, పద్మసరోవరం వీధులలో అడుగుపెట్ట వీలుండదు, ఎవ్వరూ కదలలేరు. పంచమీతీర్థం ముగిసి, వానలు వెనుకపట్టి, డిసెంబరు నడిమికి వచ్చిన తరువాత ఫిబ్రవరి వరకు తగిన సమయం. కోనలలో నీరింకా పారుతూ ఉంటుంది. పగలు ఎండ బాధించదు. రాత్రి చలి ఉంటుంది గనుక కంబళి తప్పదు. ఆ నెలలలో సాయంకాలం ఆరు గంటలకే చీకటి పడుతుంది. దీన్ని లెక్కలో వేసుకొని, అయిదు గంటలకు ఏ మజిలీకైనా చేరవలెనన్న నియమం పెట్టుకొనవలెను.

ఇక దారి. నేను సూచించేది ఎనిమిది రోజులు, ఏడు రాత్రులు, ఆరు మజిలీలు గల యాత్ర. మొత్తం సుమారు 850 నుంచి 900 కిలోమీటర్లు. కార్లవారికి ఇది రెండు రోజుల దూరం. కాని చూడటానికి పోయేవానికి, గుడారం విప్పి కట్టేవానికి దినానికి నూరు, నూటయాభై కిలోమీటర్లే తగినంత.

మొదటి మజిలీ తలకోన. తిరుచానూరు నుంచి భాకరాపేట మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. మొదటి రోజు ఇంత తక్కువ దూరం ఎందుకని అడగవచ్చు. కట్టిన మూట జారుతున్నదా, బ్రేకు సరిగా పట్టుతున్నదా, మరచిపోయిన వస్తువేది అన్నవి మొదటి అరవై కిలోమీటర్లలో బయటపడుతవి. అప్పుడు ఇల్లు దగ్గర. తలకోన జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తునుంచి పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన జలపాతం అదే. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి అడవిలో నడిచి పోవలెను. అది 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని భాగం. కాబట్టి బస అటవీశాఖవారు అనుమతించిన చోటనే. నీటిగుండాలలో బండలు నీటి అడుగున దాగి ఉంటవి. పైనుంచి దూకి ప్రాణాలు పోగొట్టుకొన్న యువకులున్నారు.

రెండవ మజిలీ హార్స్‌లీ కొండ. పీలేరు, మదనపల్లె మీదుగా నూరు కిలోమీటర్ల పైచిలుకు. సముద్రమట్టానికి 4,100 అడుగులకు పైబడిన ఈ కొండకు అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర 1870 ప్రాంతాల ఇక్కడ బంగళా కట్టుకొన్నందున ఆ పేరు మరుగునపడినది. దారిలో మదనపల్లెలో ఒక గంట ఆగవలెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి, ‘జనగణమన’ గీతాన్ని ఇంగ్లీషులోనికి మార్చినారు. కొండపై రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. ఘాట్ మలుపులలో ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో దిగేటప్పుడూ దాదాపు ఆ గేరులోనే దిగవలెను. ఇంజను ఆపి, గేరు తీసి, పెట్రోలు ఆదా అనుకొంటూ జారిపోవటం కొందరికి అలవాటు. అట్లా దిగితే బరువంతా బ్రేకులమీదనే పడి అవి వేడెక్కి పట్టు తప్పుతవి.

మూడవ మజిలీ కదిరి. కొండ దిగి, ములకలచెరువు మీదుగా పోతే నడిమధ్య తిమ్మమ్మ మర్రిమాను చూడవచ్చు. అయిదెకరాల మేర పరచుకొన్న ఈ చెట్టు 1989లో గిన్నిస్ గ్రంథానికి ఎక్కినది. ఊడలు దిగి దిగి ఏది మొదలో ఏది కొమ్మయో తెలియదు. వేమన యోగి సమాధి ఉన్న కటారుపల్లి కూడా కదిరి ప్రాంతంలోనిదే. ఈ రాత్రి గుడారం విప్పక పట్టణంలోనే బస చేయటం మంచిది. రెండు రాత్రులు నేలపై పడుకొన్నవానికి మూడవ రాత్రి మంచమూ, స్నానానికి వేడినీళ్ళూ దొరికితే మిగిలిన యాత్ర ఉత్సాహంగా సాగుతుంది.

నాలుగవ మజిలీ లేపాక్షి. గోరంట్ల, హిందూపురం మీదుగా సుమారు 90 కిలోమీటర్లు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించిన వీరభద్రాలయం, ఆ ఆలయానికెదురుగా ఒకే రాతిలో మలచిన బసవన్న ఇక్కడ చూడవలసినవి. పైకప్పు చిత్రాలు మెల్లగా మాసిపోతున్నవి. వాటిపైకి ఫోను దీపాలు వేయరాదు.

అయిదవ మజిలీ తాడిపత్రి. పెనుకొండ, అనంతపురం దాటి పోవలెను. సుమారు 170 కిలోమీటర్లు. ఇది ఎండుభూముల రోజు. దారిలో నీడ తక్కువ. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊరిలో చింతల వేంకటరమణాలయం శిల్పానికి ప్రసిద్ధమైనవి. ఇంకొక రోజు వెచ్చించగలవారు అనంతపురంలో ఆగి, ముందు చెప్పిన హగరి ఇసుకదిబ్బలు చూచి రావచ్చు. ఇసుకపైకి మాత్రం బండి దించరాదు. ముందు చక్రం దిగబడితే మూటతో సహా తీయటం ఇద్దరివల్ల కాదు.

ఆరవ మజిలీ గండికోట. తాడిపత్రి నుంచి మొదట బెలుం గుహలకు పోవలెను. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని గూర్చి వ్రాసినాడు. 1982, 83లలో జర్మనులు లోపలంతా కొలిచినారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్కపోత అధికం. శ్వాసకోశ వ్యాధులున్నవారు ముందే ఆలోచించుకొనవలెను. అక్కడినుంచి జమ్మలమడుగు వైపు వచ్చి గండికోట చేరుకొనవచ్చు. ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి, ఆ గండిపైన పెమ్మసానివారి కోట. 1650లో మీర్ జుమ్లా ఈ కోట పట్టుకొన్నాడు. 1652లో ఆయనను చూడటానికి ఫ్రెంచి వజ్రవ్యాపారి తావెర్నియే ఇక్కడికి వచ్చినాడు. మసీదు, ధాన్యాగారం, మాధవరాయ, రంగనాథ ఆలయాలు చూడటానికే ఒక పూట కావలెను. కాబట్టి ఇక్కడ రెండు రాత్రులు. లోయ అంచున కమ్మీలు లేవు. బండలపై సన్నని ఇసుక ఉంటుంది, కాలు జారుతుంది. గుడారం అంచుకు దూరంగా, ఊరివారు చూపిన చోట వేయవలెను. రాత్రివేళ లేచినవాడు నిద్రమత్తులో ఎటు నడుస్తాడో చెప్పలేము.

ఎనిమిదవ రోజు కడప, ఒంటిమిట్ట, రాజంపేట, రేణిగుంట మీదుగా ఇంటికి. సుమారు 225 కిలోమీటర్లు. అన్నింటికన్న దీర్ఘమైన ప్రయాణం అలసట ఎక్కువైన రోజున వచ్చినది. ఇంటి ఆత్రం కూడా తోడవుతుంది. అందుచేత తెల్లవారగానే బయలుదేరి, ఒంటిమిట్టలో కోదండరాముని సన్నిధిని రెండు గంటలు విశ్రమించవలెను. కడప నుంచి గువ్వలచెరువు ఘాట్, రాయచోటి మీదుగా కూడా రావచ్చు. అక్కడి పాలకోవా రుచి అందరెరిగినదే. అయితే ఆ ఘాట్‌లో లారీల రాకపోకలు అధికం. అలసినవారికి ఆ దారి తగదు.

బండి సంగతికి వస్తాను. పెద్ద బండి లేనిదే ఈ యాత్ర కాదన్న భ్రమ విడువవలెను. నిత్యం కచేరికి, కళాశాలకు పోయే 150 సి.సి. బండి చాలు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఈ దూరమంతటికీ 20 లీటర్ల పెట్రోలు పడుతుంది. ట్యాంకు సగమైనప్పుడల్లా నింపుకొనటం నియమంగా పెట్టుకొంటే ఎక్కడా చిక్కు రాదు. బయలుదేరటానికి పది రోజుల ముందే మెకానిక్కుకు చూపించవలెను. ముందు రోజు చూపిస్తే కొత్తగా బిగించిన భాగంలో లోపమేదైనా ఉంటే దారిలోనే తెలుస్తుంది. టైర్ల అరుగుదల, బ్రేకు షూలు లేక ప్యాడ్లు, చైను బిగువు, క్లచ్ కేబులు, బ్యాటరీ, ముందు వెనుక దీపాలు వరుసగా చూపించవలెను. ఒక క్లచ్ కేబులు, రెండు ఫ్యూజులు, పంక్చరు సామాను, చేతి గాలిపంపు, స్పానర్లు వెంట ఉండవలెను. పంక్చరు వేయటం ఇంటి ముంగిట ఒకసారి చేతులారా చేసి చూచుకొనవలెను. అడవిలో మొదటిసారి నేర్చుకొనేది విద్య కాదు, అవస్థ.

బరువు ఇంకొక ముఖ్యమైన సంగతి. నీళ్ళు, పనిముట్లు వంటి బరువైనవి క్రిందుగా, నడిమికి దగ్గరగా, రెండు వైపులా సమానంగా కట్టవలెను. గుడారం, దుప్పట్ల వంటి తేలికవి పైన. మూట ఎత్తుగా వెనుకకు జరిగితే ముందు చక్రం తేలికై మలుపులలో బండి మాట వినదు. వెనుక టైరులో గాలి బరువుకు తగినట్లు నింపవలెను. ఎంత అన్నది బండి పుస్తకంలోనే ఉంటుంది. ఒక్కొక్క బండిపై ఒక్కొక్కరే పోవటం, కనీసం రెండు బండ్లు కలిసి పోవటం శ్రేష్ఠం. హెల్మెట్ సంగతి చట్టం చెప్పినది. నేను మరల చెప్పను. దాని పట్టీ బిగించుకొమ్మని మాత్రం చెబుతాను.

మన పల్లెదారులలో ఒక ప్రత్యేకమైన అపాయం ఉన్నది. కోతల కాలంలో ఉలవకట్టె, కందికట్టె, రాగివెన్నులు రోడ్డుమీద పరుస్తారు. వాహనాల చక్రాలే కళ్ళం ఎడ్లు. లారీకి అది లెక్కలేదు. మోటారుసైకిలుకు మాత్రం ఆ తీగలు చైనులో, చక్రంలో చుట్టుకొంటవి. వేడి సైలెన్సరు తగిలి అంటుకొనటం కూడా ఉన్నది. అటువంటిచోట నిదానించి, వీలుంటే ప్రక్కనుంచి పోవలెను. గొర్రెలమంద ఎదురైతే హారను మ్రోగించక ఆగవలెను. కాపరి ఒక్క కేకతో దారి తీస్తాడు.

నీరు, ఆహారం. మనిషికి దినానికి నాలుగైదు లీటర్ల మంచినీళ్ళు వెంట ఉండవలెను. దాహం అయినప్పుడు కాక, గంటకొకసారి గ్రుక్కెడు త్రాగటం అలవరచుకొనవలెను. ఉప్పు, పంచదార కలిపిన పొడి పొట్లాలు అన్ని మందుల అంగళ్ళలోనూ దొరుకుతవి. ఇంటినుంచి మొదటి రోజుకు చింతపండు పులిహోర, ఆపైకి వేయించిన చెనిక్కాయలు, బెల్లం, బొరుగులు, ఊరిబిండి. ఉదయం ఏ ఊరిలోనైనా ఉగ్గాని, బజ్జి దొరుకుతుంది. మధ్యాహ్నం రాగిసంగటి దొరికితే అంతకన్న కావలసినది లేదు. వంటపొయ్యి మోసుకొనిపోవటం అనవసరం. దానివల్ల ఇంకొక చిక్కు ఉన్నది, అది మంట.

ఎండుగడ్డి ఉన్న కొండలో చలిమంట వేయటం ఏ విధంగానూ సహించరానిది. రక్షిత అడవిలో నిప్పు పెట్టటం చట్టరీత్యా నేరం. 2014 మార్చిలో తిరుమల కొండలలో అడవి తగులబడినప్పుడు ఆర్పటానికి వైమానికదళం హెలికాప్టర్లు రావలసివచ్చినది. శేషాచలం అడవి 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడినది. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది మన ఈ కొండలలోనూ, వీటి పరిసరాలలోనే. ఆ దుంగల దొంగరవాణా కారణంగా అడవిలో నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి లేకుండా, రాత్రివేళ, మూటలు కట్టిన బండ్లతో అడవిదారిలో కనిపించినవారు తాము యాత్రికులమని నిరూపించుకొనవలసిన దుస్థితి తెచ్చుకొంటారు. ఇక ఏనుగులు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, రైల్వే కోడూరు ప్రాంతంలో గుండాలకోనకు రాత్రి అడవిదారిని నడిచిపోతున్న భక్తులపై ఏనుగులు పడగా కొందరు ప్రాణాలు కోల్పోయినారు. అటవీశాఖవారు వద్దన్న దారి నిజంగానే వద్దు.

గుడారంలో పడుకొనేవారు భయపడవలసినది చిరుతపులికి కాదు, కట్లపాముకు. అది రాత్రి తిరుగుతుంది, నేలపై నిద్రించేవారిని కరుస్తుంది, నొప్పి అంతగా తెలియదు. కాబట్టి గుడారం నాలుగు వైపులా పూర్తిగా మూసుకొనేది కావలెను. అడుగు గుడ్డ గోడలతో కలిపి కుట్టి ఉండవలెను. చెప్పులు, బూట్లు లోపలనే పెట్టుకొని, ఉదయం దులిపి తొడుగుకొనవలెను. తేలు దూరేది అందులోనే. రాత్రి బయటికి వస్తే దీపం వెలిగించి అడుగుపెట్టవలెను. ఖర్మవశాత్తు పాము కరిస్తే కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాడుతో బిగించి కట్టరాదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు సూది ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను. 108 సంఖ్యకు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. నాటుమందుల కోసం గడిపే ఒక్కొక్క నిమిషమూ ఆయుర్దాయంలోనుంచి తీసినదే.

కోనలలో ఫోను పనిచేయదు. ఇంటిలో కలవరం పుట్టేది అప్పుడే. అందుకే మొదట చెప్పిన కాగితానికి రెండు ప్రతులు ఉండవలెను. ఏ రోజు ఏ దారి, ఏ మజిలీ, బస చేసే చోటి ఫోను సంఖ్య, బండి సంఖ్య, ప్రతివాని రక్తవర్గం, వాడే మందులు అందులో వ్రాసి, ఒకటి ఇంటిలో, ఒకటి జేబులో ఉంచవలెను. ప్రతి సాయంకాలం ఆరు గంటలలోగా ఒక్క మాట ఇంటికి చెప్పవలెను. ఫోను అందని మజిలీ ఏదో ముందే వ్రాసి ఉంటే ఆ రాత్రి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. దారి మార్చుకొంటే ముందు ఇంటికి తెలిపి, తరువాతనే బండి త్రిప్పవలెను. ఆకాశవాణి వాతావరణ సూచన ఉదయం వినటం, వాన హెచ్చరిక ఉన్ననాడు కదలక ఉండటం ఈ ఒప్పందంలో భాగం కావలెను. ఎనిమిది రోజుల యాత్రకు తొమ్మిదవ రోజు కూడా సెలవు పెట్టుకొన్నవాడు చీకటిలో ప్రయాణం చేయడు. నేను చూచినంతలో రాత్రి ప్రయాణాలు చాలావరకు మరునాటి ఉద్యోగంవల్ల కలిగినవే.

ఈ ఒప్పందాన్ని పెద్దలు కూడా పాటించవలెను. కాగితంమీద ఒప్పుకొన్న తరువాత గంటగంటకూ ఫోను చేసి, బండి నడిపేవాని చేయి జేబులోనికి పోయేట్లు చేయరాదు. అమ్మాయి పోతానన్నప్పుడు ప్రశ్నలు ఎన్ని అడుగుతామో అబ్బాయి పోతానన్నప్పుడూ అన్నే అడగవలెను.

వీరాస్వామయ్యగారు తాము చూచినదంతా లేఖలుగా వ్రాసి చెన్నపట్నంలోని మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ వచ్చినారు. శ్రీనివాసపిళ్ళెగారు వాటిని కూర్చి, వీరాస్వామయ్యగారు గతించిన తరువాత అచ్చువేయించినందువల్లనే ఆనాటి దారులు మనకు తెలిసినవి. మన యాత్రికులు కూడా ప్రతి రాత్రి పది వాక్యాలు వ్రాసుకొనవలెను. ఏ బోరింగు నీరు త్రాగదగినది, ఏ ఊరి మెకానిక్కు ఆదివారం కూడా పలికినాడు, ఏ మలుపులో కంకర తేలి ఉన్నది, ఏ దారి చీకటిపడితే తగదు అన్నవి చాలు. తిరిగి వచ్చిన తరువాత ఆ పుస్తకం అలమరలో పెట్టక, తరువాత పోదలచిన ప్రక్కింటి పిల్లల చేతికివ్వవలెను. వారి కాగితం మీ కాగితంకన్న బాగుంటుంది. వారి ఇంటివారు ఆ ఏడు రాత్రులు కొంత నిదానంగా నిద్రపోతారు.